క్వార్టర్ నంబరు తప్పనిసరి

అనసూయ ఆంటీ కుర్చీలో కూర్చుని పనిచేయగా నేనెప్పుడూ చూడలేదు. ఆర్.కె. పురం సెక్టార్ ఎనిమిదిలో ఆవిడ క్వార్టర్. భోజనాల బల్ల మీద లాప్‌టాప్ ఉంటుంది, దాని ముందు కుర్చీ ఉంటుంది, కుర్చీ నిండా మడతపెట్టని బట్టలుంటాయి. ఆవిడ నిలబడే రెండు వేళ్ళతో టైపు చేసి, వంటింట్లోకి వెళ్ళి పప్పు కలిపి, తిరిగొచ్చి తెర మీద ఏమొచ్చిందో చూసి, మళ్ళీ బాల్కనీలోకి నడిచేది. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. ఒక కేంద్ర మంత్రిత్వ శాఖలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసరు. నవంబరు ఆఖరుకి రిటైర్మెంటు, ఆ తర్వాత కొన్ని నెలల్లో క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఆ దిగులుతోనే కాలు నిలవడం లేదని చుట్టుపక్కలవాళ్ళు అనుకునేవారు. ముప్పయ్యేళ్ళుగా ఎరిగినవాళ్ళు మాత్రం ఆవిడెప్పుడూ అంతేనన్నారు.

నా పేరు ప్రవల్లిక. మాది వరంగల్. నోయిడాలో ఒక కంపెనీలో వెబ్‌సైట్లు కట్టే ఉద్యోగం, ఘాజియాబాద్‌లో అద్దె ఫ్లాటు. వారానికి ఐదు రోజులు చేసే పనినే ఆరోరోజు ఎవరికో కూర్చుని నేర్పమంటే నాకు ఒళ్ళు మంట. ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నేనేమీ మంచిదాన్ని కాదు.

ఆంటీ చేసే పని ఇది. మన ఊళ్ళ నుంచి వైద్యం కోసం ఢిల్లీ పెద్దాసుపత్రికి వచ్చేవాళ్ళలో చాలామందికి హిందీ రాదు. డాక్టరు చెప్పింది వాళ్ళకు తెలుగులో చెప్పి, వాళ్ళు చెప్పింది డాక్టరుకు హిందీలో చెప్పే మనిషి ఒకరు పక్కన నిలబడాలి. ఆర్.కె. పురంలోని తెలుగు కుటుంబాలు వంతులవారీగా ఆ పని చేస్తాయి. దాన్ని వాళ్ళు తోడు అంటారు. ‘ఈ బుధవారం తోడు ఐదొందల నలభై వాళ్ళది’ అంటారు. మనిషి పేరు చెప్పరు, ఇంటి నంబరు చెబుతారు. గవర్నమెంటు క్వార్టర్లలో మనుషులు నిలవరు. బదిలీ అయిపోతారు, ప్రమోషనొస్తే పెద్ద క్వార్టర్‌కి మారిపోతారు. ఇల్లు మాత్రం అక్కడే ఉంటుంది. ఖాళీ చేసేవాళ్ళు, తర్వాత దిగేవాళ్ళు తెలుగువాళ్ళయితే, పాలవాడి సంగతీ నీళ్ళొచ్చే వేళా చెప్పినట్టే తోడు సంగతి కూడా చెప్పి అప్పగించి వెళ్తారు.

ఆంటీకి కూడా తోడు అలాగే అంటుకుంది. ఇరవై రెండేళ్ళ కిందట ఆరొందల పన్నెండులో దిగిన మూడోరోజున ఎవరో తలుపు కొట్టి, "రేపు మీ వంతండీ" అన్నారట. "ఎవరి వంతు?" అని అడిగితే, "ఈ ఇంటిదండీ" అన్నారట. మర్నాడు సెలవు పెట్టి వెళ్ళింది. కొన్నేళ్ళకు వంతులు రాసే రిజిస్టరే ఆవిడ చేతికొచ్చింది. ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. ఇంట్లో మనిషి మారితే పాత పేరు మీద ఎర్రగీత కొట్టి, పైన కొత్త పేరు రాసి, వెళ్ళినవాళ్ళ ఇంటికీ వచ్చినవాళ్ళ ఇంటికీ తనే నడిచి వెళ్ళి చెప్పి వచ్చేది. ఎంత దూరమైనా నడకే. బస్సు కోసం నిలబడడం ఆవిడ వల్ల కాదు.

పెళ్ళీ పిల్లలూ లేరు. ఎందుకు చేసుకోలేదో నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. బాపట్లలో ఉన్న తమ్ముడు రిటైరయ్యాక వచ్చెయ్యమంటాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆవిడకు వంటింట్లో ఏదో పని గుర్తొచ్చేది. ఆవిడను నిద్రపోనివ్వనిది ఒకటే. తను వెళ్ళిపోయాక ఆసుపత్రి గేటు దగ్గర దిగిన తెలుగు మనిషి పక్కన ఎవరు నిలబడతారు? రిజిస్టరు తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. వాట్సాప్‌లో పెట్టండి అన్నారు. గుడ్‌మార్నింగు పువ్వుల కింద రోగి పేరు మధ్యాహ్నానికే మునిగిపోయింది. అంతకుముందు ఒక ఇంజనీరుగారు సైటు కట్టిచ్చి బదిలీ మీద వెళ్ళిపోయాడు. ఏడాది తిరక్కుండా అది ఆగింది. ఎందుకు ఆగిందో చెప్పగలిగేవాళ్ళు ఆర్.కె. పురంలో ఒక్కరు లేరు. అందుకని ఆవిడ ఈసారి తనే నేర్చుకుని కట్టాలని నిర్ణయించుకుంది.

జనవరిలో ఒక గృహప్రవేశం భోజనాల దగ్గర మా పిన్ని నన్ను చూపించింది. ఆంటీ విస్తరి పట్టుకుని నిలబడే అడిగింది.

"మీ ఆఫీసులో సైట్లు దేంతో చేస్తారమ్మా?"

"మీకు అదంత ఎందుకాంటీ. రెడీమేడ్‌వి దొరుకుతయి. బొమ్మలు అటూ ఇటూ జరుపుకుంటే సైటు అయితది."

"అవి నాకొద్దు. మీరు దేంతో చేస్తారో అది చెప్పు."

చిరాకేసి పేరు చెప్పేశాను. అది జావాస్క్రిప్ట్‌లో రాసిన కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, ఒక వెబ్ ఫ్రేమ్‌వర్కు మీద నడుస్తుంది. మన సమాచారం ఏ అచ్చులో ఉండాలో కోడ్‌లో రాసిస్తే, ఆ సమాచారాన్ని నింపుకునే అడ్మిన్ పేజీలను అదే తయారుచేస్తుంది. జనం చూసే పేజీలు మనం కట్టుకోవాలి. కొత్తగా చేరిన ఇంజనీర్లు కూడా దీని ముందు వారం రోజులు తల పట్టుకుంటారు. పేరు వినగానే ఆవిడ జడిసి ఊరుకుంటుందని నేననుకున్నాను.

పై శనివారం ఫోన్ వచ్చింది. వెళ్ళేసరికి ఆవిడ ఫైలు తెరిచి ఉంది. కంప్యూటరులో కాదు, అట్టతో, ట్యాగుతో, అసలు సిసలు గవర్నమెంటు ఫైలు. ఆ సిస్టమ్ వాళ్ళ ‘మొదలుపెట్టడం ఎలా’ అనే పేజీలన్నీ ప్రింటు తీసి, చిట్టీలు అంటించి, ఫ్లాగ్ ఎ, ఫ్లాగ్ బి అని గుర్తులు పెట్టింది. పైన, ఆఫీసులో అభిప్రాయాలు వరుసగా రాసే ఆకుపచ్చ నోట్ షీటు. అందులో మొదటి పేరా ఇలా ఉంది: ‘1. ప్రారంభించుటకు అయిదు నిమిషములు పట్టునని ఫ్లాగ్ ఎ-లో పేర్కొనబడినది.’

ఆ అయిదు నిమిషాలు మాకు నాలుగు శనివారాలు పట్టాయి. మొదటివారం ఆవిడ లాప్‌టాప్‌లో ఉన్న నోడ్ పాతది కావడంతో అసలు ఏదీ ఎక్కలేదు. జావాస్క్రిప్ట్‌ను బ్రౌజరు బయట నడిపేది ఈ నోడే, అది సరిగ్గా ఉంటేనే మిగతావి. రెండోవారం అది ఎక్కింది కానీ హెచ్చరికలు బారుగా వచ్చాయి. ఏడు లోపాలున్నాయి అని తెర కింద రాసి ఉంది. మా ఆఫీసులో మేమైతే ఆ వరుసలను చదవను కూడా చదవం. ఆవిడ చదివింది. చదివి ఆగిపోయింది.

"ఏడు అభ్యంతరాలున్నాయంటోంది. వీటికి జవాబు ఎవరిస్తారు?"

"ఎవ్వరియ్యరాంటీ. చూసి వదిలేస్తరు."

"మీ ఆఫీసులో కూడానా?"

"మా ఆఫీసులనే ఎక్కువ."

చదవకుండా సంతకం పెట్టేవాళ్ళను చూసినట్టు నన్ను చూసింది. అభ్యంతరం పెండింగులో ఉండగా ఫైలు కదలడం ఆవిడ సర్వీసులో లేదు. ఏడింటినీ నోట్ షీటు మీదకెక్కించి, ఒక్కొక్కదాని గురించి నన్ను అడిగి, నేను నసుగుతూ చెప్పింది రాసి, అప్పుడు ముందుకు కదిలింది. మూడోవారం డేటాబేసు తగిలించాం. దాని పాస్‌వర్డును కూడా నోట్ షీటు మీద రాసేస్తే ఆ కాగితం నేను చింపించాను. ఒరిజినల్ నోటింగు చింపడం నేరమని ఆవిడ గొణిగింది.

నాలుగోవారం టెర్మినల్‌లో ఆఖరి కమాండు కొట్టాం. నల్లతెర మీద సిద్ధం అని వచ్చింది. బ్రౌజరులో తెల్లటి పేజీ తెరుచుకుని మొదటి యూజరు పేరు అడిగింది. ఆవిడ ‘అనసూయ, ఎ.ఎస్.ఓ.’ అని హోదాతో సహా కొట్టింది. ఒక శీర్షిక మార్చి చూడమన్నాను. కోడ్‌లో ‘తోడు’ అని రాసి సేవ్ చేసింది. పక్కన తెరిచి ఉన్న పేజీలో రెప్పపాటులో తోడు అని వచ్చింది. ఆవిడ దాన్ని మార్చింది, మళ్ళీ మార్చింది, పదిసార్లు మార్చింది.

"నేను సేవ్ కొట్టగానే అయిపోయిందా? పైవాళ్ళ సంతకం అక్కర్లేదా?"

"అక్కర్లేదాంటీ."

ఆవిడ బాల్కనీలోకి వెళ్ళి వచ్చింది, మళ్ళీ వెళ్ళి వచ్చింది. ఒక్కో ఫైలు పై అంతస్తుకెక్కి దిగిరావడానికి మూడేసి వారాలు ఎదురుచూస్తూ ముప్పయ్యేడేళ్ళు గడిపిన మనిషి. ఆ రోజు నుంచి ఆవిడను పట్టేవాళ్ళు లేరు. పొద్దున ఆఫీసుకు బయల్దేరేముందు ఒక గంట, లంచ్‌లో ఫోనులో చదవడం, నేను మెట్రోలో వేలాడుతూ ఉంటే ఫోను. "బ్రాకెట్ మూయలేదంటోంది, ఎక్కడ మూయలేదు?" అనేది. ఏ ఫైల్లో అని అడిగేలోపు, "ఆఁ, దొరికింది" అని పెట్టేసేది.

మార్చిలో ఒక శనివారం అచ్చు రాయడం మొదలుపెట్టింది. ఈ సిస్టమ్‌లో ఒక్కో రకం సమాచారానికి ఒక్కో పెట్టె ఉంటుంది, దాన్ని కలెక్షన్ అంటారు. ఆవిడ రెండు పెట్టెలు రాసింది. ఒకటి క్వార్టర్లు. అందులో క్వార్టర్ నంబరు, ఉండేవాళ్ళ పేరు, ఫోను, వారంలో ఏ రోజు వీలు. రెండోది రోగులు. అందులో రోగి పేరు, తేదీ, వేళ, తోడు ఏ క్వార్టర్‌ది. క్వార్టర్ నంబరు పక్కన ‘తప్పనిసరి’ అని గుర్తు పెట్టింది. అంటే ఆ గడి ఖాళీగా వదిలితే మిగతాదేదీ సేవ్ కాదు.

నేను చూడగానే కనిపెట్టాను. మా వృత్తిలో చేరిన మొదటి నెలలో నేర్పే సంగతి ఇది. మనిషి వేరు, మనిషి ఉండే చోటు వేరు, రెండింటినీ ఒక పెట్టెలో పెడితే ఎప్పుడో ఒకప్పుడు మనిషి మారినప్పుడు అతని పనులన్నీ ఇంకొకరి నెత్తిన పడతాయి, ఇద్దరికీ తెలియదు కూడా. చెబుదామని నోరు తెరిచాను. అంతలో ఆవిడే అంది.

"నీ పేరు కూడా రాద్దామనుకున్నానమ్మా. హిందీ బాగా మాట్లాడతావు, డాక్టర్ల ఇంగ్లీషూ తెలుస్తుంది. కానీ నీకు క్వార్టర్ లేదుగా. నంబరు లేకపోతే సేవ్ అవదు."

"అవునాంటీ," అన్నాను.

వారం మధ్యలో సెలవు పెట్టి, ఘాజియాబాద్ నుంచి పొద్దున్నే వచ్చి, ఆసుపత్రి వరండాలో ముక్కూమొహం తెలియనివాళ్ళ పక్కన గంటలు గంటలు నిలబడాలంటే నాకు భయం, బద్ధకం, రెండూ. పెట్టెలో తప్పుందని చెబితే ఆవిడ దిద్దుతుంది. దిద్దితే మనుషులకు వేరే పెట్టె వస్తుంది. ఆ పెట్టెలో నాకు చోటుంటుంది. ఇదంతా ఒక్క క్షణంలో లెక్క వేసుకుని ఊరుకున్నాను. సిగ్గుగా ఉంది చెప్పుకోవడానికి, కానీ ఆ క్షణాన నాకు చాలా హాయిగా అనిపించింది.

జూన్‌లో సైటు జనంలోకి వచ్చింది. నలభై ఒక్క ఇళ్ళు. మన ఊళ్ళలోని రోగులు తాము వచ్చే తేదీ నమోదు చేసుకుంటే సైటు ఒక ఇంటిని చూపించేది, ముందురోజు సాయంత్రం ఆ ఇంటి ఫోనుకు మెసేజీ పంపేది. జూలై ఆఖరుకి పంతొమ్మిది మందికి తోడు దొరికింది. ఆంటీకి మాత్రం స్థిమితం రాలేదు. పది నిమిషాలకోసారి ఫోను తీసి అడ్మిన్ పేజీ చూసుకునేది. "నేను లేకపోయినా నడుస్తుందంటావా?" అని నన్ను ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. నడుస్తుందనే చెప్పాను ప్రతిసారీ.

ఆగస్టులో కస్తూరి వచ్చింది. నరసన్నపేటలో జాకెట్లు కుట్టుకునే మనిషి, ముప్పై నాలుగేళ్ళు. చిన్నప్పుడు వచ్చిన జ్వరం గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. తల్లిని వెంట తెచ్చుకుంది. ఇద్దరికీ హిందీ ముక్క రాదు. బుధవారం డాక్టరును చూడాలి. సైటు ఐదొందల నలభైని చూపించింది.

ఐదొందల నలభైలో ఉండే రాజీవ్ గారు నెమ్మదస్తుడు, ఎన్నోసార్లు తోడు వెళ్ళినవాడు. సరిగ్గా ఆ వారమే ఆయన ప్రమోషను మీద సెక్టార్ మూడుకు మారాడు. ఆ ఇంటికి హైదరాబాదు నుంచి బదిలీ అయిన రంగనాథ్ గారు వస్తున్నాడు. ఆంటీ ఆయనకు ఫోన్ చేస్తే, తోడుకు తప్పకుండా వస్తానండీ అన్నాడు. ఆదివారం పొద్దున ఆంటీ ఐదొందల నలభై పేజీ తెరిచి, రాజీవ్ పేరూ ఫోనూ తీసేసి, రంగనాథ్ పేరూ ఫోనూ రాసి సేవ్ కొట్టింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి రెండిళ్ళకూ నడిచి వెళ్ళలేదు. సైటే చెబుతుంది కదా అనుకుంది.

మంగళవారం సాయంత్రం మెసేజీ రంగనాథ్ గారికి వెళ్ళింది. ఆయన సామానుతో రైల్లో ఉన్నాడు. ఇంకా ఇంట్లో దిగనే లేదు కాబట్టి, కస్తూరి ఎవరో, ఏ ఆసుపత్రో తెలియక, తప్పుడు నంబరుకొచ్చిందనుకున్నాడు. రాజీవ్ గారు సైటు తెరిచి చూసుకుంటే తన పేరే లేదు. ఇల్లు మారాను కదా, నా వంతు ఇంకెవరికో ఇచ్చి ఉంటారు అనుకున్నాడు. ఆంటీ ఆఫీసులో ఉంది. పార్లమెంటు నడుస్తున్న రోజులు, ప్రశ్నలకు జవాబులు పంపే సెక్షను ఆవిడది, సీటు వదలడానికి లేదు. అడ్మిన్ పేజీలో కస్తూరి పేరుకెదురుగా ఐదొందల నలభై అని పచ్చగా కనిపిస్తూనే ఉంది.

బుధవారం కస్తూరినీ తల్లినీ ఒక్కరూ కలవలేదు. ఎలాగో లోపలికి వెళ్ళారు. రేపు పొద్దున గొంతులోంచి గొట్టం వేసి గుండెను చూసే పరీక్ష ఉంది, ఏమీ తినకుండా రావాలి అని హిందీలో చెప్పారు. కస్తూరి తలూపింది. గురువారం పొద్దున ఆయాసంగా ఉందని తల్లి రెండు రొట్టెలూ టీ పెట్టి తీసుకెళ్ళింది. తిన్నాక ఆ పరీక్ష చెయ్యరు. తొమ్మిది వారాల తర్వాతి తేదీ ఇచ్చారు. మధ్యాహ్నం రైలెక్కే ముందు కస్తూరి ఆంటీకి ఫోన్ చేసింది. కోపం లేదు. ఎవరూ రాలేదండి, మేం ఎళ్ళిపోతన్నాం అని మాత్రం చెప్పింది.

శనివారం నేను వెళ్ళేసరికి ఆంటీ బల్ల చుట్టూ తిరుగుతోంది. మొహం పీక్కుపోయింది.

"పేరు మార్చాను. పని ఎందుకు మారిందో రెండు రోజులుగా చూస్తున్నాను. వంతు నేను ఇంటికి రాశాను. మనిషికి రాయలేదు. రిజిస్టర్లో అయితే కొట్టేసిన పేరు గీత కింద కనబడుతుంది. రాజీవ్ పేరు చూడగానే బుధవారం సంగతి గుర్తొచ్చేది. ఇందులో తీసేస్తే మనిషి ఆనవాలే లేదు."

నేను కుర్చీలోని బట్టలు పక్కకు తీసి కూర్చున్నాను.

"నాకు తెలివి చాల్లేదు," అంది. "నువ్వు సరిగ్గా చూసుండవు. చూసుంటే ఆ రోజే చెప్పేదానివి."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఆవిడ నన్ను వదిలేసింది. కానీ ఆవిడ అలా తిరుగుతూ ఉంటే నాకు కుర్చీలో ముళ్ళున్నట్టుంది.

"చూసినాంటీ," అన్నాను.

ఆగింది. ఆవిడ ఒకచోట అంతసేపు కదలకుండా నిలబడడం నేను చూడడం అదే మొదలు.

"చూసి చెప్పలేదా?"

"చెప్పలే."

"ఎందుకని?"

"చెప్తే మీరు మనుషులకు వేరే కలెక్షన్ పెడ్తరు. అండ్ల నా పేరు రాస్తరు. నాకు రాబుద్ధి కాలే."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఫైలు తీసి ఆకుపచ్చ నోట్ షీటు మీద తర్వాతి నంబరు వేసి రాసింది. ‘31. లోపము మార్చిలోనే గమనింపబడినది. తెలుపబడలేదు. రోగికి తొమ్మిది వారములు నష్టము.’ కింద ‘గమనించినవారు’ అని రాసి ఫైలు నా వైపు తిప్పింది. నేను సంతకం పెట్టాను. తేదీ వెయ్యమంది. వేశాను. ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో నా తప్పు మీద నా సంతకం పడడం అదొక్కసారే. మా ఆఫీసులో అలాంటివి మీటింగులో నలుగురి మీద పంచి మరిచిపోతాం.

తర్వాత ఇద్దరం కలిసి అంతా విప్పి మళ్ళీ కట్టాం. మనుషులు ఒక పెట్టె. క్వార్టర్లు ఇంకో పెట్టె. ఎవరు ఏ ఇంట్లో ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉన్నారో మధ్యలో లంకె. రోగికి తోడు మనిషే, ఇల్లు కాదు. మార్చిన ప్రతిదానికీ పాత పేరు కూడా నిలిచి ఉండేలా చరిత్ర. ఒప్పుకున్నానని మనిషి నొక్కితేనే పచ్చగుర్తు. సెప్టెంబరు మధ్యకు నలభై ఒక్క ఇళ్ళ నుంచి యాభై ఆరుగురు మనుషులు బయటికొచ్చారు. ఒక్కొక్కరి పేరు ఎక్కించేముందు ఆవిడ వాళ్ళింటికి వెళ్ళి అడిగి వచ్చింది.

చివరి శనివారం ఆవిడ లాప్‌టాప్ నా వైపు తోసింది. "తప్పనిసరి అన్నది నువ్వే తీసెయ్యి," అంది. మనుషుల పెట్టెలో క్వార్టర్ నంబరు పక్కన ఉన్న ఆ మాట తీసేసి సేవ్ కొట్టాను. ఆవిడ నిలబడే టైపు చేసింది. పేరు, ప్రవల్లిక. ఊరు, ఘాజియాబాద్. క్వార్టర్ గడి ఖాళీ. వీలైన రోజు, బుధవారం. సేవ్ అయింది. ఆ వెంటనే రోగుల పెట్టె తెరిచి అక్టోబరు తేదీ ఒకటి తీసింది. కస్తూరిది. నేను ఒప్పుకున్నానని నొక్కేదాకా నా వైపే చూసింది.

"మీరు కూడ వస్తరా ఆంటీ?" అని అడిగాను.

"నేను రాను. వస్తే నువ్వు ప్రతి మాటకీ నా వైపు చూస్తావు."

ముందురోజు కస్తూరికి మూడుసార్లు ఫోన్ చేసి, పొద్దున ఏమీ తినొద్దు, నీళ్ళు కూడా తాగొద్దు అని చెప్పాను. మూడోసారికి ఆమే నవ్వింది. బుధవారం ఏడింటికి గేటు దగ్గర కలిశాం. సన్నగా, నల్లగా, చేతిలో పరీక్షల కాగితాలు పెట్టిన బట్టలకొట్టు సంచీతో ఉంది. తల్లి ఆమె భుజం పట్టుకుని నడుస్తోంది. పరీక్ష లోపల జరుగుతున్నంతసేపూ నేను వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాను. తల్లి నన్నే చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం డాక్టరు పిలిచాడు. మా వయసువాడే. అలిసిపోయి ఉన్నాడు, మర్యాదగానే మాట్లాడాడు. ఫైలు తిరగేసి, పోయినసారి ఖాళీ కడుపుతో ఎందుకు రాలేదు అని అడిగాడు. నేను కస్తూరికి తెలుగులో చెప్పాను.

"నాకు తెలీదు కదండి," అంది కస్తూరి. "ఆయనేటో సెప్పినారు, నేను తలూపీసినాను."

అది హిందీలో చెప్పాను. ఆయన నిట్టూర్చి తెర తిప్పి చూపించాడు. కవాటం వెనక గదిలో రక్తం గడ్డకట్టింది. పోయినసారే చూసి ఉంటే బెలూన్‌తో కవాటం విప్పడానికి వీలయ్యేదేమో. ఇప్పుడు గడ్డ ఉండగా ఆ పని చెయ్యకూడదు. మూడు నెలలు మందులు వాడి చూడాలి, కరగకపోతే గుండె ఆపరేషను. అంతా చెప్పి, వాళ్ళకు చెప్పండి అన్నాడు.

కస్తూరి నా నోటి వైపు చూస్తోంది. పోయినసారే అన్న మాట వదిలేసి మిగతాది చెప్పవచ్చు. ఎవరికీ తెలియదు. కానీ మొత్తం చెప్పాను, ఆ మాటతో సహా.

బయటికి వచ్చాక కస్తూరి గోడకు ఆనుకుంది. తర్వాత తల్లికి వినబడకుండా నాతో అంది.

"నాదే తప్పండి. అర్తం కానప్పుడు అడగాల. ఊరికే తలూపీసినాను."

"కాదండి," అన్నాను. "ఆ రోజు మీకు తోడు దొరకకపోవుడుకు కారణం నేను."

"ఆ దినం మీ డ్యూటీయేటి?"

"కాదు. నాకు డ్యూటీ పడకుండ చూసుకున్న."

అర్థమైందో లేదో నాకు తెలియదు. సైటులో తప్పు సంగతి విడమరిచి చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పినా ఆమెకు అక్కర్లేదు. చాలాసేపు నా మొహంలోకి చూసింది. ఫరవాలేదు అనలేదు. సంచీలోంచి మందుల చీటీ తీసి నా చేతిలో పెట్టింది.

"మందులిచ్చే కిటికీ ఎటో అడగండి. మా యమ్మ నిలబడలేకపోతంది."

నేను వెళ్ళి అడిగాను.